చర్మం చెప్పే సాక్ష్యం



2004వ సంవత్సరంలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, మల్ట్‌నోమా కౌంటీ షెరీఫు కార్యాలయం వారు కొన్ని ఫోటోలను జతలు జతలుగా ప్రజల ముందు పెట్టారు. పట్టుబడిన ప్రతి వ్యక్తికీ జైలులో చేర్చుకునేటప్పుడు ఫోటో తీయడం అక్కడి పద్ధతి. మెతాంఫెటమిన్ అనే మత్తు పదార్థానికి బానిసలై మళ్ళీ మళ్ళీ పట్టుబడిన వారి తొలి ఫోటోను, తర్వాతి ఫోటోను పక్కపక్కన చేర్చారు. మొదటిదానిలో నిండైన ముఖం. రెండవదానిలో లోతుకు పోయిన బుగ్గలు, ముఖమంతా పుండ్లు, నల్లని మచ్చలు, పాడైన పళ్ళు. ఆ చిత్రాలను బడులలో పిల్లలకు చూపించారు. తర్వాత అటువంటివి లోకమంతా తిరిగాయి. మీ ఫోన్లలోకి కూడా ఏదో ఒకటి వచ్చే ఉంటుంది.

ఆ చిత్రాలు చూసి భయపడటం తప్పు కాదు. కానీ భయం సగం పాఠమే చెబుతుంది. ముఖం ఇంకా నున్నగా ఉన్న కుర్రవాడు అద్దంలో చూసుకుని, "నాకేమీ కాలేదు కదా" అనుకుంటాడు. పుండ్లు కనబడిన కుటుంబమేమో, "ఇక వీడి పని అయిపోయింది, నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అని తలుపులు వేసుకుంటుంది. రెండు ఆలోచనలూ పొరపాటే. అందుకే ఈ వారం మనం ఆ పుండ్లు ఎలా వస్తాయో, వాటి వెనుక శరీరంలో ఏమి జరుగుతుందో, విశ్వాసులమైన మనం వాటిని ఎలా చూడాలో నెమ్మదిగా తెలుసుకుందాం.

1. ఈ పదార్థం ఏమిటి?

మెతాంఫెటమిన్ గంజాయి వలె మొక్కనుండి కోసుకునేది కాదు, రసాయనాలతో తయారు చేసేది. 1893లో జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయ్ నగయోషి దీనిని మొదట తయారు చేశారు. 1919లో అకీరా ఒగాటా అనే మరొక జపాన్ శాస్త్రజ్ఞుడు దీనిని స్ఫటిక రూపంలోకి తెచ్చారు. 1938లో జర్మనీలో ఇది "పెర్విటిన్" అనే పేరుతో మందుల షాపులలో బిళ్ళలుగా అమ్ముడుపోయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికులు నిద్రపోకుండా ఉండటానికి లక్షల కొద్దీ బిళ్ళలు పంచిపెట్టారు. జపాన్‌లో యుద్ధం ముగిశాక ఈ వ్యసనం ఎంతగా వ్యాపించిందంటే, దానిని అరికట్టడానికి 1951లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. అంటే అలసటను జయించే మందుగా వచ్చినది, మనుషులనే జయించింది.

నేడు దీనిని వీధి భాషలో "ఐస్" అనీ, "క్రిస్టల్" అనీ, "మెత్" అనీ అంటారు. ఫిలిప్పీన్స్‌లో "షాబు" అంటారు. గాజుముక్కలవలె, పటికబెల్లం పలుకులవలె ఉంటుంది. కొందరు పొగగా పీలుస్తారు, కొందరు ముక్కుతో పీలుస్తారు, కొందరు సూదితో ఎక్కించుకుంటారు. మన పొరుగున ఉన్న మయన్మార్ దేశపు షాన్ రాష్ట్రం దీని తయారీకి పెద్ద స్థావరం. 2024 నవంబరులో మన తీర రక్షక దళం వారు అండమాన్ సముద్రంలో మయన్మార్‌కు చెందిన ఒక పడవనుండి 5,000 కిలోలకు పైగా మెతాంఫెటమిన్‌ను పట్టుకున్నారు. "అది అమెరికా జబ్బు, మనకెందుకు?" అని ఊరుకునే రోజులు కావివి. ఊళ్ళు విడిచి పెద్ద నగరాలలో, విదేశాలలో చదువుకుంటున్న పిల్లలు మన ప్రతి విచారణలోనూ ఉన్నారు.

2. చర్మం ఎందుకు పాడవుతుంది?

చాలామంది ఆ పదార్థమే విషంలా చర్మంలోనుండి పొంగి పుండ్లుగా బయటపడుతుందని అనుకుంటారు. అంత సూటిగా జరగదు. నాలుగైదు కారణాలు ఒకదానికొకటి తోడవుతాయి.

మొదటిది, చీమలు పాకుతున్న భ్రమ. ఈ మత్తు ఎక్కువైనప్పుడు, రెండు మూడు రోజులు నిద్ర లేనప్పుడు, చర్మం మీద, చర్మం కింద ఏవో పురుగులు పాకుతున్నట్టు అనిపిస్తుంది. వైద్యులు దీనిని "ఫార్మికేషన్" అంటారు. లతీను భాషలో "ఫోర్మికా" అంటే చీమ. ఆ వ్యక్తికి అది భ్రమ అని తోచదు. నిజంగానే పురుగు ఉందనుకుని గోళ్ళతో గోకుతాడు, గిల్లుతాడు, పిన్నుతోనో బ్లేడుతోనో తీయబోతాడు. ముఖం, చేతులు, ఛాతీ, కాళ్ళు, అంటే తన చేతికి అందే చోటనే గాయాలు ఎక్కువగా ఉంటాయి. వీపు మధ్యభాగం చాలాసార్లు బాగానే ఉంటుంది. ఆ గాయాలు ఎలా వచ్చాయో దీనినిబట్టి వైద్యుడు పోల్చుకోగలడు.

రెండవది, రక్త ప్రసారం తగ్గడం. మెతాంఫెటమిన్ రక్తనాళాలను బిగింపజేస్తుంది. కాలువలో నీరు తగ్గితే మొదట ఎండేది చివరి ఆయకట్టు పొలమే కదా! శరీరానికి చర్మం అటువంటి చివరి పొలం. రక్తం సరిగా అందని చర్మం పొడిబారుతుంది, పాలిపోతుంది. గాయం మానడానికి కావలసిన ఆహారము, ప్రాణవాయువు అక్కడికి చేరవు. మామూలు మనిషికి వారంలో మానే గీత, వీరికి వారాల తరబడి పచ్చిగా ఉంటుంది.

మూడవది, సూక్ష్మక్రిములు. గోళ్ళ కింద, చర్మం మీద క్రిములు ఎప్పుడూ ఉంటాయి. గోకిన చోట అవి లోనికి దిగుతాయి. చీముగడ్డలు లేస్తాయి. సూదులు వాడేవారికి సూది గుచ్చిన చోట పెద్ద గడ్డలు, నరాల వాపు వస్తాయి. కొన్ని క్రిములు మామూలు మందులకు లొంగవు. క్రిములు రక్తంలోకి పోతే ప్రాణాపాయం. ఒకరి సూది మరొకరు వాడితే ఎయిడ్స్ కలిగించే హెచ్.ఐ.వి., కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ క్రిములు కూడా అంటుకుంటాయి.

నాలుగవది, తిండి, నిద్ర, స్నానం మరచిపోవడం. ఈ పదార్థం ఆకలిని చంపేస్తుంది. రోజుల తరబడి తినరు. చర్మం కింద ఉండే కొవ్వు కరిగిపోతుంది. బుగ్గలు లోపలికి పోతాయి, కళ్ళు గుంటలు పడతాయి. ముప్పై ఏళ్ళవాడు యాభై ఏళ్ళవాడిలా కనిపించడానికి కారణం ఇదే. చెమట ఎక్కువ, నీళ్ళు తాగడం తక్కువ. చర్మం తనను తాను బాగుచేసుకోవడానికి మాంసకృత్తులు కావాలి, నిద్ర కావాలి. రెండూ కరువైనప్పుడు అది ఎలా బాగుపడుతుంది?

ఐదవది, కాలిన గాయాలు. పొగ పీల్చే గాజు గొట్టం బాగా వేడెక్కుతుంది. పెదవుల మీద, వేళ్ళ చివర కాలిన మచ్చలు పడతాయి. రసాయనాలతో దీనిని వండేవారికి ఒళ్ళు కాలిపోవడం కూడా జరుగుతుంది.

చూశారా! ఒక పుండు వెనుక ఎన్ని సంగతులు ఉన్నాయో. అది ముద్ర కాదు, సాక్ష్యం. "లోపల నిద్ర లేదు, తిండి లేదు, రక్తం సరిగా పారడం లేదు, మనసు అదుపులో లేదు" అని చర్మం మూగగా చెబుతోంది.

3. నోరు, పళ్ళు

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ వివేక్ శెట్టి గారి బృందం ఈ పదార్థం వాడే 571 మంది పళ్ళను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 96 శాతం మందికి పిప్పిపళ్ళు ఉన్న జాడలు కనిపించాయి. 58 శాతం మందికి చికిత్స చేయించుకోని పిప్పిపళ్ళు ఉన్నాయి. 31 శాతం మందికి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ పళ్ళు లేవు.

కారణాలు తేలికగానే అర్థమవుతాయి. నోటిలో లాలాజలం ఎండిపోతుంది. లాలాజలమే పళ్ళకు సహజమైన కాపలా. నోరు ఎండినప్పుడు తియ్యని కూల్‌డ్రింకులు తాగాలనిపిస్తుంది. దవడలు బిగించి పళ్ళు పటపట కొరుకుతారు. పళ్ళు తోముకోవడం మరచిపోతారు. ఇవన్నీ కలిసి పళ్ళను మొదళ్ళవరకు తినేస్తాయి.

4. కంటికి కనబడని దెబ్బలు

చర్మం కన్నా ముందే దెబ్బతినేవి లోపల ఉన్నాయి. ముఖం మీద ఒక్క మచ్చ కూడా లేనివాడు గుండె ఆగి చనిపోవచ్చు.

గుండె: రక్తపోటు హఠాత్తుగా పెరుగుతుంది, గుండె వేగంగా, క్రమం తప్పి కొట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడితే గుండె కండరం బలహీనపడి, రక్తాన్ని తోయలేని స్థితికి వస్తుంది. గుండెపోటు, మెదడులో రక్తనాళం చిట్లి పక్షవాతం రావడం చిన్న వయసువారిలో కూడా జరుగుతుంది.

ఒంటి వేడి: శరీరం పొయ్యిమీద పెట్టినట్టు వేడెక్కుతుంది. కండరాలు దెబ్బతిని, వాటినుండి విడుదలైన పదార్థాలు మూత్రపిండాలను చెడగొడతాయి. మన ఎండలలో ఇది మరింత ప్రమాదం.

మెదడు: మంచి భోజనం తిన్నప్పుడు, పరీక్షలో నెగ్గినప్పుడు, బిడ్డను ఎత్తుకున్నప్పుడు మెదడులో డోపమైన్ అనే పదార్థం కొద్దిగా విడుదలై మనకు తృప్తినిస్తుంది. మెతాంఫెటమిన్ చెరువు కట్ట తెంచినట్టు దానిని ఒక్కసారిగా వదిలిస్తుంది. ఆ పొంగు గంటల తరబడి ఉంటుంది. శరీరంలోని మందులో సగం తగ్గడానికే పది, పన్నెండు గంటలు పడుతుంది. తర్వాత చెరువు ఖాళీ. అప్పుడు అమ్మ చేతి వంట రుచించదు, స్నేహితుల పలకరింపు రుచించదు, పాటలు రుచించవు. మళ్ళీ అదే కావాలనిపిస్తుంది. కొందరికి లేనిపోని అనుమానాలు వస్తాయి, చెవిలో మాటలు వినబడతాయి, ఎవరో చంపడానికి వస్తున్నారని భయపడతారు. మందు ఆపిన తర్వాత మొదటి రోజులలో విపరీతమైన నిద్ర, నీరసం, దిగులు కమ్ముకుంటాయి. ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు. ఆ రోజులలో వారిని ఒంటరిగా వదలకూడదు.

5. ఇంటివారు గమనించవలసినవి

రెండు మూడు రోజులు అసలు నిద్రపోకపోవడం, ఆ వెంటనే రోజంతా లేవకపోవడం. కొద్ది నెలలలోనే బాగా చిక్కిపోవడం. కంటిపాపలు పెద్దవిగా ఉండటం. ఆగకుండా మాట్లాడటం, ఒకే పనిని పదేపదే చేయడం. గోకుడు గాయాలు, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాలు. డబ్బు, వస్తువులు మాయం కావడం. పాత స్నేహితులు, పూజ, కుటుంబ ప్రార్థన వదిలేయడం.

అయితే ఒక హెచ్చరిక. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. మొటిమలు, గజ్జి, మధుమేహం, అలర్జీ, పోషకాహార లోపం, పరీక్షల భయం వీటివల్ల కూడా గాయాలు, చిక్కిపోవడం, నిద్ర లేమి వస్తాయి. ముఖం మీద మచ్చలున్న పిల్లవాడిని అనుమానంతో చూడటం, వీధిలో గుసగుసలాడటం పాపం. నిజం తెలుసుకునేది వైద్యుడు.

6. విశ్వాసులుగా ఎలా చూడాలి?

కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2291వ సంఖ్యలో మత్తు మందుల గురించి స్పష్టంగా చెప్పింది. వైద్యం కోసం తప్ప వాటిని వాడటం గంభీరమైన తప్పు. రహస్యంగా తయారు చేసి అమ్మేవారు మరింత దోషులు. ఇందులో మెతకదనం లేదు. ఎందుకంటే శరీరం ఆత్మకు అద్దె ఇల్లు కాదు. పునీత తోమాసు అక్వినాసు గారు ఆత్మ శరీరానికి రూపమని బోధించారు. అంటే నేను వేరు, నా శరీరం వేరు కాదు. చర్మాన్ని చీల్చుకుంటున్నవాడు తనను తానే చీల్చుకుంటున్నాడు. మన దేహం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు గారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 6వ అధ్యాయంలో గుర్తు చేశారు.

అదే సత్యోపదేశం 1735వ సంఖ్యలో మరొక సంగతి కూడా చెప్పింది. భయం, అలవాటు, మనసుకు సంబంధించిన కారణాలు మనిషి బాధ్యతను తగ్గించవచ్చు. మొదటిసారి సరదాకు వాడిన రోజున ఉన్న స్వేచ్ఛ, నూరవసారి వాడే రోజున ఉండదు. తప్పు తప్పు కాకుండా పోదు. కానీ ఆ మనిషి అప్పటికే రోగి. రోగిని తిట్టి బాగుచేసినవారు ఎవరూ లేరు.

యోబు గ్రంథం తెరవండి. అరికాలినుండి నడినెత్తివరకు పుండ్లతో యోబు బూడిదలో కూర్చుని, పెంకు తీసుకుని గోక్కుంటున్నాడు. అతని స్నేహితులు వచ్చారు. మొదటి ఏడు రోజులు మౌనంగా అతని పక్కన కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత నోరు తెరచి, ఆ బాధను చూపి అతని పాపాన్ని లెక్కగట్టడం మొదలుపెట్టారు. చివరకు దేవుడు కోపించినది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. యోబు నిర్దోషి, మత్తుకు బానిసైనవాడు పూర్తిగా నిర్దోషి కాకపోవచ్చు. అయినా, ఒకరి పుండు చూసి తీర్పు చెప్పే పని దేవుడు మనకు ఇవ్వలేదు.

మరి ప్రభువు ఏమి చేశారు? మార్కు సువార్త 1వ అధ్యాయంలో కుష్ఠరోగి వచ్చినప్పుడు ఆయన జాలిపడి, చేయి చాచి తాకారు. మాటతోనే బాగుచేయగల శక్తి ఆయనకు ఉంది. అయినా తాకారు. ఆ మనిషికి ఎన్నాళ్ళనుండో మానవ స్పర్శ లేదు. స్వస్థత అక్కడనుండే మొదలైంది.

ఫిలిప్పీన్స్ దేశంలో జరిగినది మనకు గుణపాఠం కావాలి. అది కతోలికులు అధికంగా ఉన్న దేశం. 2016లో అక్కడి ప్రభుత్వం "షాబు" వాడేవారిపైన, అమ్మేవారిపైన యుద్ధం ప్రకటించింది. పోలీసు లెక్కల ప్రకారమే 6,000 మందికి పైగా చంపబడ్డారు. వారిలో ఎక్కువమంది పేదలు. అప్పుడు శ్రీసభ పెద్దలు మౌనంగా ఉండలేదు. మనీలా అగ్రపీఠంలో కార్డినల్ తాగ్లే గారి నాయకత్వంలో "సన్‌లక్బాయ్" అనే పునరావాస కార్యక్రమం మొదలైంది. కలూకన్ మేత్రాణులు పాబ్లో విర్జీలియో డేవిడ్ గారు విచారణలలోనే వ్యసనపరులకు చికిత్స, సహాయం అందే ఏర్పాట్లు చేశారు. విచారణ గురువులు, గృహస్థులు, స్థానిక అధికారులు కలిసి కూర్చున్నారు. సమాజం పారవేయదలచినవారిని శ్రీసభ పేరుపెట్టి పిలిచింది. మన విచారణలలో ఆ పని ఎవరు చేస్తారు?

7. ఇంట్లో ఏమి చేయాలి?

మొదట మాట. అరవకండి, కొట్టకండి, గదిలో బంధించకండి. బాగా నిద్రపోయి తేరుకున్న సమయం చూసి, ఒకరో ఇద్దరో కూర్చుని అడగండి. "నీవు చిక్కిపోతున్నావు నాన్నా, నాకు భయంగా ఉంది, డాక్టరు దగ్గరకు కలిసి వెళదాం" అనే తల్లి మాట వంద తిట్లకన్నా బలమైనది.

పురుగులు పాకుతున్నాయని అంటే వాదించవద్దు. "పిచ్చి పట్టిందా?" అనకండి. "అవును, నాకూ కనబడుతోంది" అని కూడా అనకండి. "నీకు చాలా బాధగా ఉందని తెలుస్తోంది" అనండి. గోళ్ళు కత్తిరించండి. గాయాలను సబ్బుతో, మంచినీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. గడ్డలను నొక్కి చీము తీయవద్దు. బూడిద, పొగాకు, పసర్లు పెట్టవద్దు. ఎరుపు వ్యాపిస్తున్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అతని తువ్వాలు, బ్లేడు ఇతరులు వాడకూడదు. కానీ కంచం, పలకరింపు వేరు చేయకండి. ఈ పుండ్లను, వాటినుండి కారే రక్తాన్నీ చీమునూ ఒట్టి చేతులతో తాకకండి. కట్టు కట్టిన తర్వాత చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి.

ఛాతీలో నొప్పి, ఒళ్ళు కాలిపోవడం, ఫిట్స్, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఒక పక్క కాలూ చేయీ పడిపోవడం వీటిలో ఏది కనబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏమి వాడాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి. పరువుకోసం చెప్పిన అబద్ధం ప్రాణం తీస్తుంది.

చికిత్స ఉంది. ఈ వ్యసనాన్ని ఒక్క బిళ్ళతో పోగొట్టే మందు లేదు. కానీ క్రమం తప్పని సలహా చికిత్స, కుటుంబ సహకారం, మత్తు లేకుండా గడిపిన ప్రతి వారానికీ చిన్న చిన్న ప్రోత్సాహకాలు ఇచ్చే పద్ధతి మంచి ఫలితాలనిస్తాయని వైద్యులు నిరూపించారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వపు వ్యసన విముక్తి సహాయ ఫోన్ 14446. మానసిక బాధలకు 14416. రెండింటికీ డబ్బు చెల్లించనక్కరలేదు.

"చెబితే పోలీసులు పట్టుకుపోతారేమో" అని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. 1985 నాటి మత్తు పదార్థాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, సొంతంగా వాడుకున్నందుకో, కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు, తనంతట తానే ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వచ్చి పూర్తిచేస్తే, వాడకం నేరానికి శిక్షనుండి రక్షణ ఉంది. అమ్మేవారికి ఆ రక్షణ లేదు. మీ విచారణ గురువుతో కూడా నిర్భయంగా మాట్లాడవచ్చు. పాపసంకీర్తనంలో చెప్పిన మాట గురువుతోనే సమాధికి పోతుంది. అయితే పాపసంకీర్తనం ఆత్మకు ఔషధం. అది ఆసుపత్రికి బదులు కాదు, ఆసుపత్రి దానికి బదులు కాదు.

8. బాగుపడతారా?

పడతారు. చర్మమే మొదటి సాక్ష్యం ఇస్తుంది. మందు ఆపి, తిండి, నిద్ర, శుభ్రత దొరికితే పచ్చి గాయాలు వారాలలో మానుతాయి. ముఖం మళ్ళీ నిండుకుంటుంది. లోతైన మచ్చలు కొన్ని మిగిలిపోవచ్చు. పోయిన పళ్ళు తిరిగి రావు, కట్టుడు పళ్ళు పెట్టించుకోవాలి. బలహీనపడిన గుండె కూడా మందు మానితే చాలామందిలో కొంతవరకు తేరుకుంటుంది.

మెదడుకు ఎక్కువ కాలం పడుతుంది. 2001లో డాక్టర్ నోరా వోల్కో గారి బృందం వ్యసనం మానిన ఐదుగురిని పరీక్షించింది. పన్నెండు నుండి పదిహేడు నెలల తర్వాత, మెదడులో డోపమైన్‌కు సంబంధించి తగ్గిపోయిన భాగాలు చాలావరకు కోలుకున్నట్టు కనుగొన్నారు. జ్ఞాపకశక్తి, చురుకుదనం మాత్రం అంత త్వరగా తిరిగి రాలేదు. ఐదుగురే కావచ్చు, కానీ దారి మూసుకుపోలేదని వారి మెదళ్ళే చెప్పాయి. కాబట్టి రెండు నెలలకే "ఇంకా మామూలు మనిషి కాలేదు" అని విసుగుపడవద్దు. మధ్యలో జారిపడితే "అంతా వృథా" అనవద్దు. మధుమేహం మళ్ళీ పెరిగితే డాక్టరును మార్చుకుంటామేమో గాని, బిడ్డను వదిలివేయము కదా!

మన శ్రీసభ పునీతుల పట్టికలో ఒక చైనా వైద్యుడు ఉన్నారు. ఆయన పునీత మార్కు జీ తియాన్‌షియాంగ్. కడుపునొప్పికి నల్లమందు వాడి దానికి బానిసయ్యారు. ఆ రోజులలో ఇది రోగమని ఎవరికీ తెలియదు. మారాలన్న మనసు లేదని భావించి గురువులు ఆయనకు పాపక్షమాపణ ఇవ్వలేదు. సుమారు ముప్పై సంవత్సరాలు ఆయన దివ్యసత్ప్రసాదానికి దూరంగా ఉన్నారు. అయినా దేవాలయం మానలేదు, ప్రార్థన మానలేదు. 1900లో బాక్సర్ల తిరుగుబాటులో కుటుంబసభ్యులతో కూడా పట్టుబడి, విశ్వాసాన్ని వదలక ప్రాణమిచ్చారు. తనవారిలో ఎవరూ ఒంటరిగా చనిపోకూడదని, తనను చివర చంపమని అడిగారని చెబుతారు. 2000 అక్టోబరు 1న పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఆయనను ఇతర చైనా వేదసాక్షులతోపాటు పునీతునిగా ప్రకటించారు. బానిసను దేవుడు వదలలేదు. నేడు మనకు చికిత్స కూడా ఉంది, అవగాహన కూడా ఉంది. మనం వదిలితే మనకు సాకు ఏమి ఉంటుంది?

కాబట్టి ప్రియ పాఠకులారా, ఈసారి మీ ఫోన్‌లోకి అటువంటి ఫోటో వచ్చినప్పుడు, దానిని మరొకరికి పంపేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ ముఖం ఎవరి బిడ్డదో! ఆ ముఖం కోసం ఒక పరలోకజపం చెప్పండి. తర్వాత మీ ఇంట్లో ఉన్న బిడ్డ పక్కన కూర్చుని, ఈ రాత్రి నిద్ర పట్టిందా, తిన్నావా అని అడగండి.

కుటుంబ ప్రార్థన తర్వాత చర్చించుకోవడానికి

1. ఈ పదార్థం వల్ల చర్మం మీద గాయాలు రావడానికి గల కారణాలలో మూడింటిని చెప్పండి.

2. ముఖం మీద ఏమీ కనబడనంత మాత్రాన ప్రమాదం లేదని ఎందుకు అనుకోకూడదు?

3. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు ఎలా ఉన్నారు? తర్వాత ఎలా మారారు? మన ఇళ్ళలో మనం ఎవరిలా ఉన్నాం?

4. మన విచారణలో వ్యసనంతో బాధపడుతున్న కుటుంబానికి మరియదళం, పునీత విన్సెంట్ ది పాల్ సభ, యువజన సంఘం ఏ విధంగా తోడుగా నిలువగలవు?